హ్యాండ్‌బ్యాగులో పట్టే టేపు

బాపట్ల,
3 సెప్టెంబరు 2023.

అత్తకి వందనాలు.

నువ్వు ఇచ్చిన ఇన్‌లాండ్ కవర్ల కట్ట విప్పి మొదటిది నీకే రాస్తున్నాను. "ఫోన్లో అయితే తిన్నావా, పడుకున్నావా దాటి మాట ముందుకు పోదు. రాస్తే పోతుంది" అని రేపల్లె బస్టాండులో అన్నావు. అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఇప్పుడు ఈ నీలం కాగితం మీద ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పావుగంట నుంచి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

కాలేజీ బాగుంది. హాస్టల్లో అన్నం కూడా బాగుంటుంది. కూర మాత్రం, ఇది ఫలానా కూర అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నా గదిలో శ్రావణి అని నిజాంపట్నం అమ్మాయి ఉంటుంది. మొదటిరోజు "మా నాన్న వేటకెళ్లాడు, ఫోన్ ఎత్తడు" అంటే నేను అడవీ తుపాకీ ఊహించుకుని కంగారు పడ్డాను. సముద్రం మీద చేపలకి వెళ్లడాన్ని వాళ్లు వేట అంటారు. మా తెలుగు మేడం దుర్గాంబ గారు రోజుకి ఐదు మాటలు కొత్తవి ఏరి నోటుబుక్కులో రాయమన్నారు. శ్రావణి దగ్గరే నాకు నెలకి సరిపడా దొరికేలా ఉన్నాయి. గాలి ఎటు నుంచి వస్తుందో దాన్ని బట్టి గాలికి పేర్లున్నాయి అత్తా. మనం ఇన్నాళ్లూ ఒక్క గాలితోనే సరిపెట్టుకున్నాం.

పోయిన వారం నాన్న కాకుమాను నుంచి వచ్చి దుప్పటి ఇచ్చి వెళ్లాడు. "మా అక్క ఇప్పుడు చర్చిలో కీర్తనలు ఎత్తుతోంది, పుస్తకం కూడా చూడదట" అని గొప్పగా చెప్పాడు. ముందు నిలబడి నువ్వు ఎత్తుతుంటే రెండు వందల మంది నీ వెనక పాడటం ఎలా ఉంటుంది? రాయి. మామయ్యకి వందనాలు చెప్పు.

నీ మేనకోడలు,
జ్యోత్స్న.

—

రేపల్లె,
11 సెప్టెంబరు 2023.

జ్యోత్స్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అత్తగా, రెండోసారి టీచరుగా. తప్పులు లేవు. ఒకచోట కామా ఎక్కువైంది, అది వయసుతో తగ్గుతుంది.

ముందు నిలబడితే ఎలా ఉంటుందని అడిగావు. ముప్పై ఏళ్లు మూడో వరసలో కూర్చుని, పుస్తకం చూసుకుంటూ పాడినదాన్ని. అది సుఖం. ఎత్తే ఆవిడ పోయిన ఏప్రిల్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. "మీకు కంఠతా వచ్చు కదండీ" అని నన్ను నిలబెట్టారు. కంఠతా వచ్చనే నేనూ అనుకున్నాను. మొన్న మూడో తారీకు ఆరాధనలో పంట కీర్తన ఎత్తాను. ఏడు చరణాలు. రెండోది అయ్యాక మూడోది ఎత్తాలి, నేను ఐదోది ఎత్తాను. జనమంతా మూడోది, నేనొక్కదాన్నీ ఐదోది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. మీ నాయనమ్మకి జబ్బు ఎలా మొదలైందో నీకు తెలియదులే, అప్పటికి నీకు నాలుగేళ్లు. సరిగ్గా ఇదే కీర్తన, ఇదే చరణం.

సరే, నీతో ఒక పని ఉంది. నాకు క్యాసెట్లు వినే టేపు ఒకటి కావాలి. చిన్నది, నా హ్యాండ్‌బ్యాగులో పట్టేది. పెన్సిల్ సెల్లులతో నడవాలి. చెవుల్లో పెట్టుకుని వినేదే కావాలి, బయటికి మోగేది వద్దు. ఇప్పుడు అవి ఎవరూ వాడరని నాకు తెలుసు, అందుకే నీకు చెబుతున్నాను. రెండు వేలు దాటకూడదు. దసరా సెలవులు ఇచ్చేలోపు నా చేతికి రావాలి. "క్యాసెట్టు ఇస్తే ఫోన్లోకి ఎక్కిస్తారు కదా" అనకు. ఎక్కించేవాడు ముందు వింటాడు. నాకంటే ముందు దాన్ని ఎవరూ వినకూడదు.

మీ మామయ్యకి ఈ సంగతి తెలియకూడదు. ఇంట్లో ఫోన్ మోగితే ముందు ఎత్తేది ఆయనే, ఎత్తగానే స్పీకర్లో పెట్టేదీ ఆయనే. కాబట్టి ఫోన్ చేయకు. ఇకమీదట ఉత్తరం బడి చిరునామాకి రాయి.

నీ అత్త,
పుష్పలత.

—

బాపట్ల,
17 సెప్టెంబరు 2023.

అత్తకి వందనాలు.

నాకు తెలిసిపోయింది. బడి చిరునామా, మామయ్యకి చెప్పొద్దనడం, నీకంటే ముందు ఎవరూ వినకూడదనడం. నవంబర్లో మీ పెళ్లిరోజు. మీ పెళ్లినాటి క్యాసెట్టు నీ దగ్గర ఉంది, మామయ్యకి అది హఠాత్తుగా వినిపించాలని నీ ఎత్తు. శ్రావణికి చెబితే "మీ అత్త భలే మనిషే" అంది. నేను ఎవరికీ చెప్పను. శ్రావణి లెక్కలోకి రాదు.

పని మొదలుపెట్టాను. మొదటి కొట్టులో "క్యాసెట్టా? పాపా, మీ తాతగారు పంపారా?" అన్నాడు. రెండో కొట్టాయన లోపలికి వెళ్లి, బయటికొచ్చి, "ఉండేది, మొన్ననే పారేశాం" అన్నాడు. మొన్న అంటే ఎప్పుడని అడిగితే ఆరేళ్లయిందన్నాడు. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో మాత్రం రెండు దొరికాయి. ఎవరో తెప్పించుకుని తీసుకెళ్లలేదట. ఒకటి సన్నగా, నా డిక్షనరీ సైజులో సగం ఉంటుంది. చెవుల్లో పెట్టుకోవడమే, బయటికి మోగదు. రెండోది కొంచెం లావు, టిఫిన్ డబ్బాలా ఉంటుంది, స్పీకరుంది, రేడియో కూడా వస్తుంది. రెండూ కొత్తవే. ధర దాదాపు ఒకటే. ఆన్‌లైన్లో ఇంకా చవకవి ఉన్నాయి గానీ, కొన్నవాళ్లు రాసినవి చదివితే సగంమంది బాగుందన్నారు, సగంమంది తిట్టారు. తిట్టినవాళ్ల తెలుగు బాగుంది.

పాత టేపుల గురించి కూడా తెలుసుకున్నాను. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న క్యాసెట్టుని ఒక్కసారిగా పెట్టకూడదు. ముందు పెన్సిల్ దూర్చి చక్రం మెల్లిగా ఒకసారి చివరిదాకా తిప్పాలి, లేకపోతే టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకుని తెగుతుంది. లోపల చిన్న మెత్త ఉంటుంది, అది ఊడిపోయిందేమో చూసుకోవాలి. ఇదంతా ప్రత్యేకంగా ఒక పేజీలో రాసుకున్నాను.

చరణం మారిపోయినందుకు బాధపడకు. నేను ఇక్కడ ప్రార్థనలో కళ్లు మూసుకుని తెరిచేసరికి అందరూ భోజనానికి వెళ్లిపోయారు.

సన్నదా, డబ్బానా? చెప్పు.

జ్యోత్స్న.

—

రేపల్లె,
25 సెప్టెంబరు 2023.

జ్యోత్స్నా,

నీ ఊహకి పదికి తొమ్మిది వేస్తున్నాను. అలాగే అనుకో, నష్టం లేదు.

సన్నది తీసుకో. చెవుల్లో పెట్టుకునేది అని మొదటి ఉత్తరంలోనే రాశాను. రేడియో నాకెందుకు?

ఇక్కడ వానలు పడి బడి ఆవరణలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పిల్లలు కాగితం పడవలు చేసి వదిలితే హెడ్మాస్టరు గారు కేకలేశారు. ఆ కాగితాలు పోయిన పరీక్ష పేపర్లు, నేను దిద్దినవి. ఆరో తరగతిలో ఒక పిల్ల పేరు మొన్న ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రెండేళ్లుగా నా దగ్గరే చదువుతోంది. "ఇటు రామ్మా" అని పిలిచి గట్టెక్కాను.

నిన్న ఆదివారం మళ్లీ అదే కీర్తన. ఈసారి జాగ్రత్తగానే ఉన్నాను, వేళ్లతో లెక్కపెట్టుకున్నాను. రెండోది అయింది, నోరు తెరిచాను, ఐదోదే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినప్పుడే బాగుంది.

త్వరగా పంపు.

అత్త.

—

బాపట్ల,
4 అక్టోబరు 2023.

అత్తకి వందనాలు.

కొనేశాను. ఈ ఉత్తరం చేరేసరికే ఆర్టీసీ పార్సిల్లో రేపల్లె వచ్చి ఉంటుంది. నీ ఫోన్‌కి మెసేజీ వస్తుంది, బడి నుంచి వచ్చేటప్పుడు బస్టాండులో తీసుకో.

కోప్పడకు. సన్నది తీసుకోలేదు, డబ్బా తీసుకున్నాను. కారణం చెబుతాను. మీ ఇద్దరూ కలిసి వినాల్సినదాన్ని నువ్వొక్కదానివే చెవుల్లో పెట్టుకుంటే మామయ్య నీ మొహం చూస్తూ కూర్చోవాలి. శ్రావణి వాళ్ల తాతకి పడవలో టేపు ఉండేదట. "చెవుల్లో పెట్టుకునేదైతే పాట ఒకడిది, పని ఇంకొకడిది అయ్యేది. స్పీకరుంటేనే పడవంతా వింటది" అంది. నాకు నచ్చింది ఆ మాట. పైగా మామయ్యకి క్రికెట్ కామెంటరీ కోసం రేడియో పనికొస్తుంది. ప్రపంచ కప్పు రేపే మొదలు కదా.

ఇంకొక తప్పు కూడా చేశాను. మొన్న అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, పనిమీద కాకుమాను వచ్చిన మామయ్య ఫోన్ అందుకున్నారు. ఊరికే, ఏమీ తెలియనట్టు, "మామయ్యా, మీకు ఎలాంటి పాటలిష్టం?" అని అడిగాను. "నాకు పాటలేంటే, మీ అత్త పాడితే వింటాను" అన్నారు. ఆ వెంటనే, "మీ అత్త ఏమన్నా రాసిందా?" అని అడిగారు. "హాస్టల్ కూర గురించి అడిగింది" అన్నాను. నమ్మినట్టే ఉన్నారు.

సెల్లులు కూడా అందులోనే పెట్టాను. క్యాసెట్టుని ముందు పెన్సిల్తో తిప్పడం మరిచిపోకు.

జ్యోత్స్న.

—

రేపల్లె,
13 అక్టోబరు 2023.

జ్యోత్స్నా,

రేపటి నుంచి బడికి సెలవులు. పిల్లలంతా వెళ్లిపోయారు. ఆరో తరగతి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇది నోటితో చెప్పలేను, రాయగలను. చదివి దాచిపెట్టు, మీ నాన్నకి కూడా చూపించకు.

అది పెళ్లి క్యాసెట్టు కాదు. మా పెళ్లికి ఎవరూ టేపు పెట్టలేదు. అది మీ నాయనమ్మ గొంతు. మీ నాన్నకి ఉద్యోగం వచ్చిన కొత్తలో టేపు రికార్డరు కొని, నగరం మండలంలోని మా ఊరి చర్చిలో కోత పండుగ నాడు పట్టాడు. 1996. ఆ ఊళ్లో కీర్తనలు ఎత్తేది మా అమ్మే. అప్పటికి యాభై ఏళ్లు, మంచి ఆరోగ్యం. పట్టిన తర్వాత మీ నాన్న నాకు ఇచ్చాడు, పెట్టెలో పడేశాను, ఒక్కసారి కూడా వినలేదు. అమ్మే ఎదురుగా ఉన్నప్పుడు టేపు ఎవరు వింటారు?

2009లో అమ్మ మా ఇంటికి వచ్చింది. రేపల్లె చర్చిలో ఆవిణ్ణి పాడమన్నారు. రెండో చరణం తర్వాత ఐదోది ఎత్తింది. నేను పక్కనే నిలబడి "అమ్మా, మతి ఉందా నీకు" అన్నాను, నలుగురికీ వినపడేలా. తర్వాత రెండేళ్లలో నా పేరు మరిచిపోయింది. మీ నాన్నని తమ్ముడా అని పిలిచేది. మా ఇంట్లో ఎవరు చెప్పినా జబ్బు ఆ ఐదో చరణం దగ్గర మొదలైందనే చెబుతారు.

ఇప్పుడు నాకు యాభై నాలుగు. ఐదో చరణం నా నోట్లోంచి వస్తోంది, ఎందుకొస్తోందో నాకు తెలియడం లేదు. అమ్మ బాగున్న రోజుల్లో ఎలా పాడేదో వింటే తెలుస్తుందనుకున్నాను. అప్పుడు వరుసగా పాడి ఉంటే, తర్వాత తప్పింది జబ్బు వల్లే. నాదీ అదే దారి.

నీ డబ్బాకి చెవుల్లో పెట్టుకునే వైరు గుచ్చడానికి చోటే లేదు. ఇంట్లో పెడితే మీ మామయ్య వింటారు. అందుకని ఇవాళ బడి ఖాళీ అయ్యేదాకా ఆగి, తలుపులు వేసుకుని పెట్టాను. పెన్సిల్తో తిప్పాను, నువ్వు చెప్పినట్టే. జ్యోత్స్నా, అందులో ఎవరో చిన్నపిల్ల పాడుతోంది. సన్నటి గొంతు, ఊపిరి తీసుకోకుండా పరుగు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఏ చరణమో కూడా పోల్చుకోలేకపోయాను. అట్ట మీద మీ నాన్న రాత, 'కోత పండుగ, అమ్మ' అని. మా అమ్మ గొంతు నేను గుర్తుపట్టలేదు. ఆపేశాను.

దీన్ని బట్టి తేలిపోయింది. పిల్లలకి తప్పులు చెప్పే వరకు ఉద్యోగంలో ఉండకూడదు. స్వచ్ఛందంగా రిటైరవుతానని దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. 25న బడి తెరవగానే హెడ్మాస్టరు గారికి ఇస్తాను. మీ మామయ్యకి ఆ తర్వాత చెబుతాను.

నీ మీద కోపం లేదు. నువ్వు నిజాయితీగానే కొన్నావు.

అత్త.

—

కాకుమాను,
18 అక్టోబరు 2023.

అత్తా,

సెలవులకి ఇంటికి బయల్దేరుతుంటే హాస్టల్ గేటు దగ్గర నీ ఉత్తరం అందింది. బస్సులో చదివాను. నా స్టాపు దాటిపోయి ఎక్కడో దిగాను.

నువ్వు మొదటి ఉత్తరంలోనే అంతా రాశావు. ఇప్పుడు తీసి చూస్తే ఒక్కొక్క వాక్యం అక్కడే ఉంది. నేను మాటలు ఏరుకుంటున్నానని మురిసిపోతూ, నువ్వు రాసింది చదవలేదు. నువ్వు భయపడుతున్నావని రాస్తే నేను పెళ్లిరోజని చదివాను. దీనికి నాకు ఎన్ని మార్కులు వేస్తావో వెయ్యి.

కానీ అత్తా, దరఖాస్తు ఇవ్వకు. కనీసం నేను చెప్పేది చేసేదాకా ఇవ్వకు.

నిన్న మళ్లీ బాపట్ల వెళ్లి ఆ కొట్టాయన్ని అడిగాను. ఇలాంటి కొత్త చవక టేపుల్లో కొన్ని ఉండాల్సిన దానికంటే వేగంగా తిరుగుతాయట. అప్పుడు పెద్దవాళ్ల గొంతు చిన్నపిల్ల గొంతులా వస్తుందట. "ముందే చెప్పాలి కదండీ" అంటే "పాపా, మీరు కొన్నారు, వినలేదు" అన్నాడు. నిజమే, నీకంటే ముందు ఎవరూ వినకూడదన్నావని నేను వేరే క్యాసెట్టు పెట్టి కూడా చూడలేదు.

తేల్చుకోవడానికి దారి ఉంది. క్యాసెట్టు మీద 60 అని అచ్చు ఉందేమో చూడు. ఉంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. వాచీ ఎదురుగా పెట్టుకుని ఒక వైపు మొదటి నుంచి చివరిదాకా నడిపించు. పాట వినకు, వాచీ మాత్రం చూడు. ముప్పై నిమిషాలకి ఆగితే టేపు మంచిదే, నేను ఓడిపోయినట్టు. ముందే ఆగిపోతే తప్పు డబ్బాది, నీది కాదు.

తెనాలిలో బోసు రోడ్డులో శివనాగరాజు అని పాత రేడియోలు, టేపులు బాగుచేసే ఆయన ఉన్నాడని ఇదే కొట్టాయన చెప్పాడు. మేడమెట్ల కింద చిన్న కొట్టు. నేను వచ్చి తీసుకెళ్తాను అందామనుకున్నాను, మళ్లీ ఎవరి ముందూ వినవని ఆగాను. నోటితో చెప్పలేనన్నావు కనుక ఫోన్ కూడా చేయడం లేదు. నాన్నని మాత్రం, ఏమీ చెప్పకుండా, ఆ రోజు నాయనమ్మ ఏ వరుసలో పాడిందో అడిగాను. "నేను బటన్ నొక్కినవాణ్ణి, పాట సంగతి నాకేం తెలుసు" అన్నాడు.

ఒక్క అరగంట అత్తా. వాచీ చూడు.

జ్యోత్స్న.

—

తెనాలి రైల్వే స్టేషను,
20 అక్టోబరు 2023.

జ్యోత్స్నా,

రేపల్లె బండికి ఇంకా గంటన్నర ఉంది. బల్ల మీద కూర్చుని, అరిటాకుల మూట వేసుకున్న ఒకాయన పక్కన రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే ఆయన మోచెయ్యి అనుకో.

బడికి సెలవులని మరిచిపోయి నువ్వు మళ్లీ బడి చిరునామాకే రాశావు. పోస్ట్‌మాన్ ఏసుపాదం మంచివాడు, తాళం చూసి ఇంటికి తెచ్చి మీ మామయ్య చేతిలో పెట్టాడు. ఆయన విప్పలేదు. నా కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "జ్యోత్స్న రాసింది" అని పేపర్లో తల దూర్చారు. నేను చదివాను. లేచి, "తెనాలి వెళ్లొస్తాను" అన్నాను. ఎందుకని అడగలేదు. "గొడుగు తీసుకెళ్లు" అన్నారు.

బండి రేపల్లెలో కదలగానే డబ్బా ఒళ్లో పెట్టుకుని నొక్కాను. నువ్వు చెప్పినట్టు వాచీ మాత్రమే చూశాను. ఎదురుగా చేపల బుట్టలతో ఒకామె, వీరరాఘవమ్మ, తెనాలి మార్కెట్టుకి వెళ్తోంది. భట్టిప్రోలు దాటేదాకా ఓర్చుకుంది. తర్వాత, "ఏంటి టీచరమ్మగారూ, ఆ పాడేవాళ్ల వెనక కుక్కలేమన్నా పడ్డాయా?" అంది.

"మీకూ అలాగే వినపడుతోందా?" అన్నాను.

"నాకెందుకు వినపడదమ్మా, నాకు చెవుల్లేవా? పెట్టె తొందరపడతంది. పాడే ఆమెకేం తొందర లేదు."

వేమూరు రాకముందే బటన్ టక్కున పైకి లేచింది. ఇరవై ఐదున్నర నిమిషాలు. క్యాసెట్టు మీద 60 అనే ఉంది, మూడుసార్లు చూసుకున్నాను. వీరరాఘవమ్మకి కూడా చూపించాను. ఆమెకి చదువు రాదు, అయినా చూసి తల ఊపింది.

శివనాగరాజు కొట్టు దొరికింది. డబ్బా వెనక నాలుగు స్క్రూలు విప్పి, లోపల అగ్గిపెట్టెలో పట్టేంత మోటారు చూపించాడు. దాని వెనక చీమ దూరేంత రంధ్రం. "ఇందులో ఇంకో స్క్రూ ఉంటదండి. వేగం ఎక్కువా తక్కువా దీంతోనే. కంపెనీవాడు సరిచేయకుండానే వదిలేశాడు." సన్నటి స్క్రూడ్రైవరు అందులో పెట్టి క్యాసెట్టు నడిపించాడు. నేను బయటికి వెళ్లబోయాను. "మీరెళ్తే ఎట్టాగండి? పాడే ఆవిడ మామూలు గొంతు ఎట్టా ఉంటదో నాకేం తెలుసు? మీరే చెప్పాలి, ఎక్కడ ఆపమంటారో" అన్నాడు.

అతను తిప్పుతున్నాడు. చిన్నపిల్ల గొంతు పెద్దపిల్లది అయింది. ఇంకా తిప్పాడు, పడుచుదైంది. "ఇదేనా అండి?" అన్నాడు. "ఇంకొంచెం" అన్నాను. "ఇదా?" "ఇంకొంచెం. ఆగు. ఎక్కువైంది, వెనక్కి." తర్వాత ఒకచోట అమ్మ ఊపిరి తీసుకుంది. పాట కాదు, రెండు మాటల మధ్య ఊపిరి. "అదే. ఇక తిప్పకు" అన్నాను. అతను చెయ్యి తీసేశాడు. ఇరవై ఏడేళ్ల తర్వాత, జ్యోత్స్నా, మోటారు హోరులో మా అమ్మ ఊపిరి ఎక్కడుందో నేను చెప్పగలిగాను.

స్టూలు వేశాడు, కూర్చుని విన్నాను. పంట కీర్తన వచ్చింది. మొదటి చరణం, రెండో చరణం. అప్పుడు అమ్మ పాట ఆపి మామూలుగా మాట్లాడింది. "ఐదోది ఎత్తుతున్నానర్రా. పనలు మోసేవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు, మెడలు పడిపోతన్నాయి. తెండమ్మా, లోపలికి తెండి." ఐదోది ఎత్తింది. ఊరంతా ఐదోది పాడింది. వరి పనలు నేల మీద పడిన చప్పుళ్లు కూడా వినపడ్డాయి. అన్నీ దించేశాక మూడోది ఎత్తింది.

ఇప్పుడంతా గుర్తొస్తోంది. పంట తెచ్చి అర్పించే మాట ఐదో చరణంలో ఉంది. పుస్తకం ప్రకారం పాడితే కూలికెళ్లే ఆడవాళ్లు తడి పనలు నెత్తిన పెట్టుకుని నాలుగు చరణాలు నిలబడాలి. అందుకే మా ఊరి కోత పండుగలో ఐదోదాన్ని ముందుకి జరిపారు. పదేళ్లకి నన్ను హాస్టల్లో వేశారు, అక్కడ పుస్తకం వరుస నేర్చుకున్నాను. ఆ తర్వాత కోత పండుగకి ఎప్పుడూ ఊళ్లో లేను. ముప్పై ఏళ్లు పుస్తకం చూస్తూ పాడాను కాబట్టి వరుస తప్పలేదు. పుస్తకం మూసేసరికి, అంతకంటే ముందు నేర్చుకున్నది బయటికొచ్చింది. నేను మరిచిపోవడం కాదు అది. ఆరేళ్లప్పుడు అమ్మ కొంగు పట్టుకుని నేర్చుకున్నది.

2009లో అమ్మ చేసిందీ అదే. ఆ రోజు ఆమెకి మతి ఉంది. లేదన్నది నేను. ఇది మాత్రం ఏ స్క్రూ తిప్పినా సరి అవదు. కానీ ఇవాళ ఇదొక్కటే బరువు, మిగతా అంతా దిగిపోయింది.

అరిటాకుల ఆయన, "ఏంటమ్మా, ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా?" అని అడిగాడు. బండి వస్తోందేమోనని చూస్తున్నానన్నాను.

అత్త.

—

బాపట్ల,
28 అక్టోబరు 2023.

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ వరండాలో నిలబడి చదివాను. శ్రావణి కంగారుపడి నీళ్లు తెచ్చింది. చదివి వినిపించాను. వీరరాఘవమ్మ దగ్గరికి వచ్చేసరికి, "నిజాంపట్నం ఆమే అయ్యుంటది, ఆ నోరు మాదే" అంది.

నేను ఆనందంగా ఉన్నాను. ఇంతకంటే మంచి మాట కోసం నోటుబుక్కు తిరగేశాను, దొరకలేదు.

ఒక్క మాట మాత్రం వినాలి. పాట తేలిపోయింది గానీ, పిల్ల పేరు మరిచిపోవడం టేపు తేల్చలేదు. డాక్టరుకి ఒకసారి చూపించుకో. మామయ్యకి చెప్పు. గొడుగు తీసుకెళ్లమన్న మనిషికి చెప్పకపోతే ఎలా?

ఈసారి ప్రతి వాక్యం రెండుసార్లు చదివాను.

జ్యోత్స్న.

—

రేపల్లె,
28 నవంబరు 2023.

జ్యోత్స్నా,

నెల రోజులు జవాబు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. అన్నీ అయ్యాక ఒకేసారి రాద్దామని ఆగాను.

దరఖాస్తు ఇవ్వలేదు. మీ మామయ్యకి మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూ విన్నారు, మర్నాడే తెనాలిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చిన్నది, నీకంటే పదేళ్లు పెద్దదేమో. వంద నుంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమంది, గడియారం గీయమంది, ఐదు మాటలు చెప్పి పావుగంట తర్వాత అడిగింది. ఐదూ చెప్పి, అందులో ఒకటి తను తప్పుగా పలికిందని కూడా చెప్పాను. నవ్వి, రక్తపరీక్ష రాసింది. బి-ట్వెల్వ్ తక్కువుంది, మాత్రలు ఇచ్చింది. నిద్ర పోవడం లేదని తిట్టింది. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంది. వెళ్తాను.

మొన్న ఆదివారం ఇక్కడ కోత పండుగ. క్యాసెట్టు పాస్టరు గారికి వినిపించాను, ఈసారి పండుగకి మా ఊరి వరుసలోనే పాడదామన్నారు. రెండోది అయ్యాక చెయ్యి ఎత్తాను, తలుపులు తీశారు, పనలు లోపలికి వచ్చాయి. ఐదోది ఎత్తాను. ఈసారి నేనొక్కదాన్నే కాదు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారి భార్య సుజన గారు పక్కకి వచ్చి, "ఇవాళ అందరం మీతో పాడాం. పోయిన రెండుసార్లూ మీ వారొక్కరే పాడారు పాపం" అంది. నాకు అర్థం కాలేదు. "మీకు తెలియదా? మేమంతా మూడోది పాడుతుంటే మగవాళ్ల వైపు నుంచి ఆయనొక్కరే ఐదోది పాడారండీ, గట్టిగా. అందరూ తిరిగి చూశారు" అంది. రెండు వందల గొంతుల్లో నాకది వినపడనే లేదు.

మీ మామయ్య సంగతి నీకు తెలుసు. స్నానాల గదిలో కూడా పాడరు.

ఇంటికొచ్చి అడిగాను. "పుస్తకం మీ చేతుల్లోనే ఉంది కదా. మూడోది ఎదురుగా కనపడుతోంది కదా. తప్పని తెలిసి ఐదోది ఎందుకు పాడారు?"

చెప్పులు విప్పుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "నువ్వు అక్కడున్నావు కదా."

నీ అత్త,
పుష్పలత.